ఇంజిన్ గుమ్మానికి మైనపు కాపలా

మన ఎండలకి అక్కర్లేదని కార్ల థర్మోస్టాట్ పీకేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అది లేని ఇంజిన్‌కి లోపల ఏమవుతుంది? కొత్తది ఇంటి ముందే వేసుకోవాలంటే ఏం చేయాలి? ఒక ఆదివారం పొద్దుటి పని ఇది.

మే నెల, మధ్యాహ్నం రెండు కావొస్తోంది. ఒంగోలు నుంచి గుంటూరు వెళ్తున్నాం. మార్టూరు దాటామో లేదో, డ్యాష్‌బోర్డు మీద ఎప్పుడూ మధ్యలో నిలబడే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేవడం మొదలుపెట్టింది. ఏసీ ఆపి, అద్దాలు దించి, కనిపించిన మొదటి వేపచెట్టు కిందికి కారు చేర్చి ఇంజిన్ ఆపేశాను. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. బానెట్ ఎత్తితే సెగ మొహాన కొట్టింది.

దగ్గర్లోని షెడ్డు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. ఏ మీటరూ తేలేదు. ఇంజిన్‌ని గుడ్డపీలికతో తాకి చూసి, రేడియేటర్‌లోకి వెళ్లే పై హోస్ పైపును వట్టిచేత్తో పట్టుకున్నాడు. ఇంజిన్ కుతకుతలాడుతోంది, పైపు మాత్రం పట్టుకోగలిగినంత గోరువెచ్చగానే ఉంది. "వేడినీళ్లు రేడియేటర్‌కి పోవట్లేదు సార్. థర్మోస్టాట్ పట్టేసింది" అన్నాడు. ఒక్క నిమిషంలో జబ్బు పట్టుకున్న ఆ చేతికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. గంటసేపు చల్లారనిచ్చి, రెండు బోల్టులు విప్పి, అరచేతిలో ఇమిడే ఇత్తడి ముక్క ఒకటి బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. కొత్తది వేస్తారా అని అడిగాను. "మన ఎండలకి ఇదెందుకు సార్? చలిదేశాలోళ్లకి పెట్టింది. తీసేస్తే ఇక హీటన్న మాటే ఉండదు" అన్నాడు. ఖాళీ గూటికి మూత బిగించి, నీళ్లు పోసి పంపించాడు. పొద్దుగూకేలోపు గుంటూరు చేరాం. ఆ ముక్క డ్యాష్‌బోర్డు అరలోనే ఉండిపోయింది.

ఆ రోజు అంతకన్నా మంచి వైద్యం లేదు. పొరపాటంతా ఆ తర్వాత ఏడు నెలలు కారును అలాగే నడపడంలో ఉంది.

మొదట్లో బాగానే అనిపించింది. ముల్లు ఎప్పుడూ కిందే ఉండేది. కార్తీకం వచ్చేసరికి పొద్దున పూట హైవే మీద అది మరీ కిందికి జారి, ఇంజిన్ ఇంకా నిద్రలేవనట్టు కనిపించేది. లీటరుకు 18 దాకా ఇచ్చిన కారు 16 దగ్గర ఆగిపోయింది. డిసెంబరులో ఒకరోజు ఆయిల్ చూద్దామని ఇంజిన్ ఆయిల్ పోసే మూత తిప్పాను. మూత లోపలి వైపున మజ్జిగ చిలికితే తేలిన వెన్నలా తెల్లటి జిడ్డు అంటుకుని ఉంది.

పక్కింట్లో ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. నేను బాబాయిగారూ అంటాను. మూత పట్టుకెళ్లి చూపించాను. ఆయన ముందు డిప్‌స్టిక్ తీయించారు. దాని మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గలేదు. "హెడ్ గ్యాస్కెట్ పోలేదు, బతికావ్. ఇది ఆవిరి నీళ్లు ఆయిల్లో కలిసి పట్టిన జిడ్డు. దీనికి థర్మోస్టాట్ ఉందా?"

"మే నెలలో తీయించేశాను బాబాయిగారూ."

"జొరం తగ్గాలని మనిషిని ఏడాదంతా మంచుగడ్డ మీద పడుకోబెడతామా అబ్బాయ్? అది వేడిని తగ్గించేది కాదు. వేడిని నిలబెట్టేది."

లంబసింగికైనా, రెంటచింతలకైనా

పెట్రోలు మండేటప్పుడు సిలిండర్ లోపల రెండు వేల డిగ్రీలకు పైగా వేడి పుడుతుంది. మనం పోసిన ఇంధనంలోని శక్తిలో రమారమి మూడోవంతు పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. ఇంకో మూడోవంతుకు దగ్గరగా ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి చేరుతుంది. చక్రాలు తిప్పేది మిగిలినదే. నీళ్లలో చేరిన ఆ వేడిని బయటి గాలికి వదిలేసేది రేడియేటర్. ఎంత వదలాలి, ఎంత ఉంచాలి అన్నది తేల్చేది థర్మోస్టాట్.

ఇంజిన్ తయారుచేసినవాళ్లు పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందును, ఆయిల్ చిక్కదనాన్ని, పెట్రోలు చిమ్మే లెక్కను ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుందన్న నమ్మకంతో కుదురుస్తారు. బయట ఎంత ఉందన్నది ఆ లెక్కలో చాలా చిన్న విషయం. పుష్యమాసంలో లంబసింగిలో తెల్లవారుజామున ఐదు డిగ్రీలు ఉండొచ్చు, మే నెలలో రెంటచింతలలో నలభై ఆరు ఉండొచ్చు. మనకది ప్రాణం మీదికొచ్చే తేడా. ఇంజిన్‌కి మాత్రం ఆ రెండూ చలే. రెంటచింతల ఎండలో నిలబెట్టిన కారు కూడా స్టార్టు చేశాక ఇంకో నలభై డిగ్రీలకు పైగా ఎక్కితేనే తన పని వేడికి చేరుతుంది. చలిదేశాల సామాను అన్న మాట నిలవనిది ఇక్కడే.

వేడి చాలకపోతే ఏమవుతుందో నా ఆయిల్ మూత చెప్పింది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో దాదాపు అంతా ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. చలికాలం పొద్దున సైలెన్సర్ కొసన నీటిచుక్కలు కారడం అందరూ చూసిందే. కొంచెం ఆవిరి మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో చేరుతుంది. ఇంజిన్ సరిగ్గా కాగితే అది మళ్లీ ఆవిరై బయటపడుతుంది. కాగకపోతే అక్కడే నిలిచి, ఆయిల్‌తో కలిసి తెల్లటి జిడ్డు కడుతుంది. ఆయిల్ సారం చెడుతుంది, అరుగుదల పెరుగుతుంది. ఇంజిన్ చల్లగా ఉందని సెన్సర్ చెబుతూ ఉంటే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ చిమ్ముతూ ఉంటుంది. మైలేజీ తగ్గింది అందుకే. చాలా కార్లలో ఇలాంటప్పుడు చెక్ ఇంజిన్ లైటు కూడా వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0128 అనే కోడ్ చూపిస్తుంది. కూలెంట్ చేరాల్సిన వేడికి చేరడం లేదని దాని అర్థం.

తీసేస్తే హీటెక్కదన్న భరోసా కూడా గట్టిది కాదు. ఇంజిన్‌లో నీళ్లకు రెండు దారులుంటాయి. ఒకటి రేడియేటర్ చుట్టివచ్చే పెద్దదారి. ఇంకోటి రేడియేటర్ జోలికి పోకుండా ఇంజిన్‌లోనే తిరిగే అడ్డదారి, బైపాస్. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ అడుగున రెండో బిళ్ల ఒకటి ఉంటుంది. పై తలుపు తెరుచుకునే కొద్దీ ఈ కింది బిళ్ల బైపాస్‌ను మూస్తుంది. మొత్తం తీసేస్తే రెండు దారులూ తెరిచే ఉండిపోతాయి. నీరు పల్లమెరుగు అన్నట్టు, సులువైన దారినే ఎక్కువ నీళ్లు పోతాయి. నిండు లోడుతో శ్రీశైలం ఘాటెక్కుతున్నప్పుడు, కాగిన నీళ్లలో కొంత వాటా చల్లారకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. "నీళ్లు జోరుగా పోతే రేడియేటర్‌లో చల్లారే తీరిక ఉండదు" అని కొందరు చెబుతారు. అది సరైన కారణం కాదు. జోరుగా తిరిగిన నీళ్లు అంత ఎక్కువసార్లు రేడియేటర్‌కి వస్తాయి కూడా. అసలు సంగతి ఈ తెరిచి ఉంచిన అడ్డదారి.

మెకానిక్‌లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 రోడ్డెక్కేదాకా మనవాళ్లు ఎక్కువగా చూసినవి అంబాసిడర్లు, ఫియట్లు. వాటిలో పోసింది కూలెంట్ కాదు, దొరికిన నీళ్లు. మా ప్రకాశం జిల్లా బోరునీళ్లు కాచిన గిన్నెకే సున్నంలా తెల్లగా పొర కడుతుంది. ఆ పొర, తుప్పు కలిసి థర్మోస్టాట్‌ను పట్టేసేవి. అడవిదారిలో రాత్రిపూట పట్టేస్తే తీసి పారేయడమే బతుకుదారి. అవసరంలో పుట్టిన ఆ ఉపాయం అవసరం తీరాక కూడా నిలిచిపోయింది.

గిన్నెలో చూసిన వింత

ఇంత పనిచేసే ఈ వస్తువులో కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఒక చిన్న ఇత్తడి డొక్కులో మైనం, అందులో వేడి త్వరగా పాకడానికి కలిపిన రాగిపొడి, ఒక రబ్బరు పొర, ఒక సన్నని కడ్డీ, ఒక స్ప్రింగు. ఏ వేడికి కరగాలో ఆ వేడికి కరిగే పారాఫిన్ మైనాన్ని ఎంచి నింపుతారు. కరిగేటప్పుడు మైనం పది, పదిహేను శాతం దాకా ఉబ్బుతుంది. ఇత్తడి గోడల మధ్య ఉబ్బడానికి చోటు లేక కడ్డీని నెడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం గడ్డకడుతుంది, స్ప్రింగు తలుపు మూస్తుంది. ఇంజిన్ నడిచినంతసేపూ ఈ తెరవడం, మూయడం జరుగుతూనే ఉంటుంది.

మైనానికి ముందు, తొలినాళ్ల థర్మోస్టాట్లలో త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపిన ముడతల బుడ్డి ఉండేది. వేడికి బుడ్డి సాగేది. రేడియేటర్లకు ప్రెషర్ మూతలు వచ్చాక అది ఇరుకున పడింది. బుడ్డికి వేడితోపాటు ఒత్తిడీ తగులుతుంది కాబట్టి లెక్క తప్పేది. 1930లలో సెర్జియస్ వెర్నే అనే ఇంజినీరు అమెరికాలో మైనంతో నడిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మైనం మీద ఆ కాస్త ఒత్తిడి ప్రభావం దాదాపు ఉండదు. ఇప్పటికీ ఇంచుమించు అదే ఉపాయం మన కార్లలో ఉంది. కొన్ని ఖరీదైన కార్లలో ఆ మైనానికే చిన్న కరెంటు హీటర్ జోడించారు, అంతే.

ఇదంతా చెప్పి బాబాయిగారు కొత్తది తెమ్మన్నారు. కారు మోడల్, తయారైన ఏడాది, ఇంజిన్ రకం రాసుకుని స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లాను. డ్యాష్‌బోర్డు అరలోని పాతదాన్ని కూడా చూపించాను. చిన్న కార్లకు ఇది కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. దాని మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది. తలుపు తెరుచుకోవడం మొదలయ్యే వేడి అది. ఎండలు ఎక్కువ కదా అని అంతకన్నా తక్కువ అంకెది అడిగేవాళ్లున్నారు. అక్కర్లేదు. కంపెనీ చెప్పిన అంకెదే తీసుకోవాలి. దానితోపాటు కొత్త ప్యాకింగ్ కూడా.

బిగించే ముందు పరీక్షించాలని బాబాయిగారు పట్టుబట్టారు. ఇక వంటకు వాడని పాత గిన్నె తీసుకుని నీళ్లు పోశాం. రెండు థర్మోస్టాట్లకూ దారాలు కట్టి, అడుగు తగలకుండా వేలాడదీశాం. అడుగుకు తగిలితే గిన్నె వేడి నేరుగా సోకి లెక్క తప్పుతుంది. పక్కనే 110 డిగ్రీల దాకా చూపే వంటింటి థర్మామీటర్. జ్వరం చూసే థర్మామీటర్ వాడకూడదు, పగిలిపోతుంది. అంకెలు చదివే పని మా పెద్దమ్మాయిది. డెబ్బై, డెబ్బై అయిదు, ఎనభై... రెండూ మూసుకునే ఉన్నాయి. 82 దాటుతుంటే కొత్తదాని అంచున వెంట్రుకవాసి నల్లటి గీత కనిపించింది. "నాన్నా, నోరు తెరుస్తోంది!" అని అరిచింది. 95 వచ్చేసరికి చిటికెనవేలు గోరంత వెడల్పున, ఎనిమిది మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంది. నీళ్లు మరిగి పొంగినా పాతది కదల్లేదు. మంట ఆపాక కొత్తది నిదానంగా మళ్లీ పెదవులు మూసుకుంది. అంత చిన్న వస్తువు ఎవరూ చెప్పకుండా తన పని తాను చేసుకోవడం చూస్తే నాకు గొంతు పట్టేసినంత పనైంది. (హైదరాబాద్‌లో చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ఊరు అయిదు వందల మీటర్లకు పైన ఎత్తులో ఉంది కాబట్టి నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. అయినా ఈ పరీక్షకు చాలు.)

ఆదివారం, పొద్దున ఆరు

పొద్దున్నే మొదలుపెట్టడానికి కారణం చల్లదనం మనకు కాదు, ఇంజిన్‌కి. రాత్రంతా ఆగి ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పడం కన్నా ప్రమాదం ఈ పనిలో ఇంకోటి లేదు. మూత బిగించి ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల నీళ్లు నూరు దాటినా మరగవు. మూత కదిపిన క్షణంలో అవి ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి పైకి చిమ్ముతాయి. మొహాలు, చేతులు కాలేది అప్పుడే. బండి ఎంత అర్జంటైనా సరే, చేత్తో తాకితే చల్లగా ఉండాల్సిందే.

సమతలం మీద కారు నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాం. కింద వెడల్పాటి బేసిన్ పెట్టి రేడియేటర్ అడుగు ట్యాప్ వదులు చేశాం. నీళ్లు మొత్తం తీయక్కర్లేదు, థర్మోస్టాట్ ఉన్న మట్టం కిందికి దిగితే చాలు. నేనైతే ఏడు నెలల కిందటి వట్టినీళ్లు కాబట్టి మొత్తం తీసేశాను. ఇటుక రంగులో వచ్చాయి. అసలు కూలెంట్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. వీధిలో పారబోస్తే కుక్కలు, దూడలు నాకుతాయి. పిల్లలకూ అందనివ్వకూడదు. మూతున్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, షెడ్డులో ఇచ్చేయాలి.

పై హోస్ పైపు ఇంజిన్‌ని కలిసే చోట ఉబ్బెత్తు మూతే థర్మోస్టాట్ గూడు. కొన్ని ఇంజిన్లలో కింది పైపు వైపున ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి. విప్పేముందు ఫోనుతో రెండు ఫొటోలు తీశాను. క్లిప్పు వదులు చేసి పైపు లాగితే రాలేదు. స్క్రూడ్రైవర్ దూర్చబోతే బాబాయిగారు చెయ్యి పట్టుకున్నారు. గూడు మెత్తటి అల్యూమినియం, గాటు పడితే కారడం మొదలవుతుంది. పైపును రెండు చేతులతో పట్టి అటూ ఇటూ మెలితిప్పితే తనే ఊడింది. తర్వాత పదో నంబర్ పానాతో రెండు బోల్టులు.

ఇక్కడ తొందరపడకూడదు. పాత ప్యాకింగ్ తాలూకు కాగితప్పొక్కులు రెండు ముఖాలకీ అంటుకుని ఉంటాయి. ప్లాస్టిక్ గీకుడుబిళ్లతో, ఓపిగ్గా, నున్నగా వచ్చేదాకా గీకాలి. ముందు రంధ్రంలో గుడ్డ కుక్కి పొక్కులు లోపల పడకుండా చూసుకోవాలి, పని కాగానే ఆ గుడ్డ తీయాలి. నాకు అరగంట పట్టింది. మొత్తం పనిలో కారుడు ఉంటుందా ఉండదా అన్నది ఈ అరగంటే తేలుస్తుంది.

కొత్తది పెట్టేటప్పుడు స్ప్రింగు వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. తిరగేసి పెడితే మైనానికి వేడినీళ్లు తగలక తలుపు తెరుచుకోదు, కొత్త సామానుతోనే ఇంజిన్ హీటెక్కుతుంది. అంచున ఒక చిన్న రంధ్రంలో వేలాడే పిన్ను ఉంటుంది, కదిపితే టకటకమంటుంది. అది పైకి, గడియారంలో పన్నెండు ఉండే వైపుకి రావాలి. చిక్కుకున్న గాలి బయటపడే కిటికీ అదే. ప్యాకింగ్ కూర్చోబెట్టి, మూత పెట్టి, రెండు బోల్టులూ ముందు చేత్తోనే తిప్పి, తర్వాత పానాతో కాస్త ఇటు, కాస్త అటు మార్చి మార్చి బిగించాను. ఇలాంటి చిన్న బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. బలమంతా పెడితే అల్యూమినియంలో మరలు చెరిగిపోతాయి.

కంపెనీ చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపాను. బ్యాటరీల్లో పోసే నీళ్లే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. మనకు గడ్డకట్టే చలి లేకపోయినా ఆ కలపడంలో అర్థం ఉంది. కూలెంట్ మరిగే వేడిని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. బుడగలు పోయేదాకా నెమ్మదిగా పోసి, బ్యాటరీ తీగ బిగించి, రేడియేటర్ మూత తీసే ఉంచి స్టార్టు చేశాం. ఏసీ బటన్ ఆపి, వేడిగాలి నాబ్ చివరిదాకా తిప్పాం, డ్యాష్‌బోర్డు లోపలి పైపుల్లోని గాలి కూడా రావాలి కదా. బుడగలు వస్తున్న కొద్దీ మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. ఇంజిన్ వెచ్చబడి మట్టం పైకి పొంగేలోపు మూత బిగించేశాం.

పై పైపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అయిదు నిమిషాలు చల్లగానే ఉంది. ఏడు. తొమ్మిదో నిమిషంలో ఒక్కసారిగా వేడి అరచేతిని తాకింది, చెయ్యి తీసేశాను. ముల్లు మధ్యకు వచ్చి ఆగింది. కాసేపటికి ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. థర్మోస్టాట్ గూడు చుట్టూ కాగితం అద్ది చూస్తే తడి లేదు.

హీటెక్కిన ప్రతి కారుకీ జబ్బు ఇదే కాదు. ట్రాఫిక్‌లోనే ఎక్కి హైవే మీద తగ్గితే ముందు ఫ్యాను చూడాలి. హైవే మీద జోరులో ఎక్కితే రేడియేటర్ పూడిందేమో చూడాలి. కూలెంట్ పదేపదే తగ్గుతూ, ఆయిల్ మొత్తం పాలు కలిసిన టీ రంగులోకి మారితే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించి బండి కదపకుండా మెకానిక్‌ని పిలవాలి. థర్మోస్టాట్ ఇంజిన్ లోతున దాగి, బెల్టులు విప్పితేగానీ అందని కార్లూ ఉన్నాయి. గూడుతో కలిపి ఒకే ప్లాస్టిక్ ముక్కగా వచ్చేవీ ఉన్నాయి. వారంటీలో ఉన్న కారు జోలికి ఇంటి దగ్గర పోకూడదు.

మర్నాడు పొద్దున చల్లారాక మూత తీసి చూస్తే మట్టం టీగ్లాసుడు తగ్గింది. పోశాను. ఆ తర్వాత తగ్గలేదు. వారం తిరక్కుండానే ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. సంక్రాంతికి తెల్లవారుజామున నాలుగింటికి మంచులో బయల్దేరినప్పుడు పావుగంటలో ముల్లు మధ్యకొచ్చి నిలబడింది, అమ్మ కాళ్లకి వేడిగాలి తగిలింది. మళ్లీ మే నెలలో, అదే మార్టూరు దారిలో, అదే మధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేసుకుని వెళ్తూ వేపచెట్టు దాటేటప్పుడు చూశాను. ముల్లు సంక్రాంతి నాడు ఉన్నచోటే ఉంది.